మా ఇంటికి తగిన కుక్క

మా అమ్మాయి కుక్క కావాలని అడిగిన రోజు మేము బుకిట్ పంజాంగ్‌లో అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లోకి సామాను చేరుస్తున్నాం. తనకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. ప్రోగ్రాములు రాయడం వచ్చిన ప్రతివాడికీ ఎక్కడో ఒకచోట ఉద్యోగం సిద్ధంగా ఉండే కాలం అది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చెబుతాయన్న భయంతో బ్యాంకులన్నీ మనవాళ్ళని పిలిచి కూర్చోబెట్టుకున్నాయి. మా ఆయన తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసుకు కాంట్రాక్టు మీద వెళ్ళేవారు. ఒక కాంట్రాక్టు అయిపోతే ఇంకొకటి వచ్చేది. దాంతోపాటే ఇంకో ఊరు, ఇంకో ఇల్లు. హైదరాబాదు నుంచి కౌలాలంపూర్, అక్కణ్ణుంచి ఈ దేశానికి వచ్చాక క్లెమెంటిలో ఒకే ఒక గది, ఆ తర్వాత ఈ ఫ్లాట్. మా అమ్మాయికి ఇది నాలుగో బడి.

నేను గిన్నెలకు చుట్టిన న్యూస్‌పేపర్లు విప్పుతుంటే పక్కన కూర్చుని అడిగింది.

"అమ్మా, మనం ఒక డాగ్‌ని పెంచుకుందామా?"

"ఇప్పుడెందుకే కుక్క?"

"డాగ్‌ని సూట్‌కేస్‌లో పెట్టలేం కదా. డాగ్ ఉంటే మనం ఎక్కడికీ వెళ్ళం లా."

మాట చివర 'లా' తగిలించడం ఇక్కడి బడిలో అంటుకుంది. ఏడుస్తూ అనలేదు, మారాం చేస్తూ అనలేదు. లెక్క చేసి జవాబు చెప్పినట్టు చెప్పింది. నేను కాలేజీలో లెక్కలు చెప్పి వచ్చినదాన్ని. ఆ లెక్కలో తప్పు నాకు కనిపించలేదు. పిల్లకి ఏదో ఒకటి చెప్పి లేచి వంటింట్లోకి వెళ్ళాను గానీ, ఈ ఇంట్లో కుక్క ఉండాలని ఆ పూటే నిశ్చయించుకున్నాను.

నిజానికి కుక్కల గురించి నాకేమీ తెలియదు. కాకినాడలో మా పెరట్లోకి వచ్చిన వీధికుక్కకు మిగిలిన అన్నం పెట్టడం తప్ప కుక్కను ముట్టుకున్న అలవాటు కూడా లేదు.

"ఆర్నెల్ల తర్వాత ఎక్కడుంటామో తెలీదు, ఇప్పుడు కుక్కేంటి?" అన్నారు మా ఆయన.

"అందుకేనండీ కుక్క."

ఆయన నవ్వి, "సరే, చూద్దాంలే," అన్నారు. ఆయన భాషలో చూద్దాం అంటే వద్దని అర్థం. నేను మాత్రం చూద్దామన్నారనే పట్టుకున్నాను.

ముందు ఇంటి యజమానిని అడగాలి. ఆయన పక్క బ్లాకులో ఉండే పెద్దాయన. తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు. ఆయన తెలుగులో అరవం, మలయ్ మాటలు దొర్లేవి. ఆయన్ని అంకుల్ అనేవాళ్ళం. కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు టీ ఇచ్చి విషయం చెప్పాను. ఆయన స్పానర్ కింద పెట్టేశారు.

"కుక్క మాత్రం అడగొద్దమ్మా. మీకు ముందు ఈ ఇంట్లో ఉన్నోళ్ళు కూడా కంప్యూటర్ వాళ్ళే. నల్ల పిల్లలు, మంచోళ్ళే. ఉద్యోగం మారింది, పోయినారు. సామానంతా తీస్కపోయినారు. కుక్కని వంటింటి జన్నల్‌కి కట్టేసి పోయినారు. నేను తాళం తీసి వస్తే దాని కాడ నీళ్ళు కూడా లేవు."

ఆయన "నల్ల" అన్నది అరవంలో మంచి అని. అది నాకు తర్వాత తట్టింది. ఆ క్షణాన నా కళ్ళు వంటింటి కిటికీ కమ్మీల మీదికి పోయాయి.

"ఇప్పుడది ఎక్కడుంది అంకుల్?"

"నా ఇంట్లోనే పెట్టుకున్నా. తిండి సరిగ్గా తినలే. ఎవరన్నా లిఫ్ట్ దిగితే చాలు, వాకిలి కాడికి పోయి నిలబడేది. వాళ్ళే వచ్చినారని. అట్టానే పోయింది పావం."

"మేం అలా వెళ్ళం అంకుల్."

"అందరూ అదే చెప్తారు," అని ఆయన కుళాయి పని ముగించుకుని వెళ్ళిపోయారు.

నేను వదల్లేదు. మార్కెట్లో కనిపిస్తే అడిగాను, బ్లాకు కింద బెంచీ మీద కూర్చుంటే అడిగాను. చివరికి ఆయన విసుగో జాలో తెలియని గొంతుతో, "సెరి. ముందు ఏ కుక్కో చూసుకోండి. తీస్కోని వచ్చి నాకు చూపించండి. కానీ నీ మాట నాకు చాలదమ్మా. ఉద్యోగం మీ ఆయనది. వదిలిపెట్టనని ఆయన నా మొహం చూసి చెప్పాల," అన్నారు.

అప్పటినుంచి కుక్కల వేట మొదలుపెట్టాను. మా అమ్మాయి లైబ్రరీ నుంచి బొమ్మల పుస్తకాలు తెచ్చి గోల్డెన్ రిట్రీవర్ పేజీ తెరిచిపెట్టింది. పిల్లలున్న ఇంటికి అంత మంచి కుక్క లేదని అందులో ఉంది. కానీ ఇక్కడి ప్రభుత్వ ఫ్లాట్లలో చిన్న జాతి కుక్కల్నే ఉంచుకోనిస్తారు, అదీ ఇంటికి ఒక్కటే. ఆ మాట చెబితే, "అయితే నాకేం వద్దు," అని రెండు రోజులు ముభావంగా తిరిగింది. మూడో రోజు తనే పుస్తకం తెచ్చి చిన్న కుక్కల పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.

పుస్తకాల్లో ప్రతి కుక్కా మంచిదే. అందుకని సాయంత్రాలు మా బ్లాకు వెనక పచ్చికలోకి వెళ్ళి నిలబడేదాన్ని. కొత్తగా వేస్తున్న ఎల్‌ఆర్‌టీ రైలు వంతెన కింద జనం కుక్కల్ని తిప్పేవారు. మొదట్లో దూరంగా నిలబడే, ఒంటరిగా వదిలేస్తే మొరుగుతుందా, పిల్లలు గోల చేస్తే ఏం చేస్తుంది, కరిచిందా ఎప్పుడైనా అని వాళ్ళని అడిగేదాన్ని. కొందరు నవ్వేవారు. చాలామంది ఓపిగ్గా చెప్పేవారు. తమ కుక్క గురించి మాట్లాడమంటే కాదనే మనిషి నాకింతవరకు తగల్లేదు.

మా ఆయన పొమేరియన్ అన్నారు. "మా ఊళ్ళో డాక్టరుగారింట్లో ఉండేది, తెల్లగా ఎంత ముద్దుగా ఉండేదో." మా బ్లాకులోనే ఆరో అంతస్తులో ఒకటి ఉంది. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా దాని గొంతు మా ఇంట్లోకి వినిపించేది. నేను ఇంట్లో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. సాయంత్రమంతా తలుపు కొట్టేవాళ్ళే. పొమేరియన్ పేరు కొట్టేశాను.

పచ్చికలో ఒక ఆఫీసు అమ్మాయి చివావాను చేతుల్లో పెట్టుకుని తిప్పేది. అరచేతిలో ఇమిడేంత కుక్క. మా వాడు రెండు చేతులూ చాచుకుని పరిగెత్తుకెళ్ళగానే ఆ అమ్మాయి దాన్ని భుజానికెత్తుకుంది. "స్మాల్ బాయ్ కెనాట్, ఆంటీ. బోన్ వెరీ థిన్." ఆమె అన్నది నిజం. మా వాడు ప్రేమతోనే బొమ్మల కాళ్ళు విరిచేవాడు. మా ఇంటికి వచ్చే కుక్కకు వాడి వల్ల ప్రమాదం ఉండకూడదన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. అప్పటిదాకా కుక్క వల్ల పిల్లలకేమవుతుందోననే చూశాను.

ఒక ఆదివారం కుక్కల దుకాణంలో మా ఆయన జాక్ రస్సెల్ పిల్ల ముందు చతికిలబడ్డారు. అది గాజు తలుపు లోపల గుండ్రంగా తిరుగుతూ, ఎగురుతూ, ఆయన వేలు కదిలితే చాలు దూకుతోంది. ఆయన అంతగా నవ్వడం చూసి చాలా రోజులైంది.

"ఇదే. దీన్నే తీసుకుందాం."

దుకాణం అతన్ని అడిగితే, దీనికి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట పరుగు ఉండాలి, లేకపోతే సోఫా చీల్చేస్తుందని నిజమే చెప్పాడు.

"ఎవరు పరిగెత్తిస్తారండీ?"

"నేనే."

"మీరు ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోతుంటారు."

ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నారు. ఆయన సరదా మీద నీళ్ళు పోశానని బాధేసింది. అయినా మాట మార్చుకోలేదు.

ఇంకొకరిని అడగాల్సి ఉంది. మా ఎదురింట్లో ఒక మలయ్ పెద్దావిడ ఉండేది. అందరూ మక్‌చిక్ అనేవారు, పెద్దమ్మ అన్నట్టు. ఆవిడ మనవడు నా దగ్గర ట్యూషన్‌కు వచ్చేవాడు. పండక్కి ఆవిడ ఇంటి బిస్కెట్లు మా పిల్లలకు డబ్బా నిండా వచ్చేవి. వాళ్ళ మతంలో కుక్క ఎంగిలి తగిలితే ప్రత్యేకంగా కడుక్కోవాలని నాకు తెలుసు. తెచ్చాక చెప్పడం మర్యాద కాదనిపించి ముందే వెళ్ళాను.

ఆవిడ నన్ను కూర్చోబెట్టి మొత్తం విన్నది.

"యూ ఆస్క్ ఫస్ట్. గుడ్. మెనీ పీపుల్ నెవర్ ఆస్క్," అన్నది. కుక్కలంటే తమకు ద్వేషం లేదని, దాని తడి మాత్రం తగలకూడదని చెప్పింది. వాళ్ళాయన రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటాడు. ఇరుకు వరండాలో కుక్క మీద పడితే ఆవిడ ప్రార్థనకు మళ్ళీ అన్నీ శుభ్రం చేసుకోవాలి. ఇదంతా చెప్పి చివరికి రెండు వేళ్ళు చూపించింది. "డోంట్ బార్క్. డోంట్ జంప్. కెన్ లా."

అంటే సమ్మతమే. మనవడికి మాత్రం ట్యూషన్ తన ఇంట్లోనే చెప్పమంది. నేను సరేనన్నాను.

మొరగకూడదు, మీదికి దూకకూడదు. నాలుగేళ్ళవాడి చేతుల్ని తట్టుకునే గట్టి ఒళ్ళుండాలి, కొత్త పిల్లలొస్తే బెదరకూడదు. వీటికి తోడు నేనొకటి కలిపాను. చిన్న పిల్ల వద్దు, ఎదిగిన కుక్కే కావాలి. పిల్లగా ఉన్నప్పుడు దాని బుద్ధి ఎలా తేలుతుందో ఎవరికి తెలుసు? ఎదిగినదైతే ఎదురుగా కనిపిస్తుంది. పిల్లలిద్దరూ గొడవపడ్డారు. "పప్పీ ఈజ్ క్యూటర్," అని అమ్మాయి, అక్క ఏదంటే అదే అని తమ్ముడు. నేను కదల్లేదు.

ఒక ట్యూషన్ పిల్లాడి తల్లి చెబితే క్లెమెంటిలో ఒక చైనీస్ పెద్దావిడ దగ్గరికి వెళ్ళాం. బడిలో పంతులమ్మగా చేసి రిటైరయింది. మోకాళ్ళు పట్టేసి చెల్లెలి ఇంటికి మారిపోతోంది. చెల్లెలికి ఆయాసం, కుక్క బొచ్చు పడదు. ఆవిడ కుక్క అయిదేళ్ళ షీత్జూ. చప్పిడి ముక్కు, గుండ్రటి కళ్ళు, పొట్టిగా కత్తిరించిన తెలుపూ గోధుమరంగూ కలిసిన జుట్టు. మేము లోపలికి వస్తే ఒక్కసారి చూసి తోక ఊపి, మళ్ళీ ఫ్యాను కింద పడుకుంది.

మా వాడిని నేల మీద కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నాను. కాసేపటికి కుక్కే లేచి వచ్చి, వాడి పాదాలు వాసన చూసి, వాడికి వీపు ఆనించి కూర్చుంది. వాడు ఊపిరి బిగబట్టి నా వైపు చూశాడు. అంతసేపు వాడు కదలకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఉండబట్టలేక దాని చెవి పట్టుకుని లాగాడు. నేను లేచేలోపు కుక్క తల విదిలించుకుని, గుర్రుమనకుండా, నడిచి వెళ్ళి కుర్చీ కింద పడుకుంది. నాకు కావలసింది అదే. కోపం వస్తే పక్కకు తప్పుకునే కుక్క.

"దానికి నొప్పి పుట్టింది. అందుకే వెళ్ళిపోయింది," అని వాడికి చెప్పాను. వాడు కుర్చీ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, ముట్టుకోకుండా, "సారీ," అన్నాడు.

పెద్దావిడ ఇంగ్లీషులో ఒక్క ప్రశ్నే వేసింది. మీరు ఎంతకాలం ఉంటారు ఇక్కడ? నేను జవాబు వెతుక్కుంటుంటే, వచ్చే ఆదివారం మీ ఆయన్ని తీసుకురండి అన్నది.

ఆదివారం అందరం వెళ్ళాం. ఆవిడ అదే ప్రశ్న మా ఆయన్ని అడిగింది. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. కాంట్రాక్టు సంవత్సరాంతం దాకా ఉందని, ఆ తర్వాత సంగతి తన చేతిలో లేదని చెప్పారు. మా అమ్మాయి నేల చూపులు చూసింది.

"నా చేతిలో ఉంది," అన్నాను నేను. నా ఇంగ్లీషు అప్పుడంత సాఫీగా వచ్చేది కాదు, అయినా ఆగలేదు. "ఆయన వెళ్ళాల్సి వస్తే ఆయన వెళ్తారు. నేనూ పిల్లలూ కుక్కా ఇక్కడే ఉంటాం, దాన్ని తీసుకెళ్ళే దారి దొరికేదాకా. దీన్ని ఎక్కడా వదిలిపెట్టను."

మా ఆయన నా వైపు తిరిగి చూశారు. ఇలాంటి మాట నేను ఆయనతో ఇంట్లో కూడా అనలేదు. పెద్దావిడ కాసేపు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, లేచి, గోడకు తగిలించిన కుక్క పట్టీ తీసి నా చేతిలో పెట్టింది. కుక్క తల మీద చెయ్యి వేసి చైనీస్‌లో ఏదో చెప్పింది. గుమ్మం దాకా మాత్రం రాలేదు.

కిందికి దిగాక ఆయన నాతో మాట్లాడలేదు. రైల్లోకీ బస్సులోకీ కుక్కని రానివ్వరు. రోడ్డు మీద చెయ్యెత్తితే టాక్సీలు నెమ్మదించడం, కుక్కని చూసి ముందుకు సాగిపోవడం. వాన వెలిసిన సాయంత్రం, ఆకుల మీంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"నడుద్దాం," అన్నాను.

"బుకిట్ పంజాంగ్ దాకానా?"

"దొరికేదాకా."

నడిచాం. క్లెమెంటి ఫ్లాట్లు దాటేసరికి కుక్కకి ఆయాసం వచ్చింది. చప్పిడి ముక్కు కుక్కలకు ఎక్కువ నడక పడదు. అది ఫుట్‌పాత్ మధ్యలో కూర్చుని ఇక కదలనంది. దాన్ని చూసి మా వాడూ పక్కనే కూర్చున్నాడు. నేను వాడిని ఎత్తుకున్నాను. మా ఆయన ఒక నిమిషం నిలబడి, వంగి, కుక్కని రెండు చేతులతో ఎత్తి ఛాతీకి ఆనించుకున్నారు. అప్పటిదాకా ఆయన ఏ కుక్కనీ ఎత్తుకోలేదు.

కొంత దూరం వెళ్ళాక ఆయనే మాట్లాడారు.

"గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూడు."

"భయపడుతోందండీ. ఇల్లు మారుతోంది కదా."

ఆయన ముందు నడుస్తున్న అమ్మాయిని చూస్తూ నడిచారు. చివరికి బుకిట్ తిమా రోడ్డు మీద ఒక ముసలి డ్రైవరు ఆపి, సీటు తడపకపోతే చాలన్నాడు. దారంతా కుక్క మా ఆయన ఒళ్ళోనే ఉంది.

మా బ్లాకు కింద బెంచీ మీద ఇంటి యజమాని అంకుల్ కూర్చుని ఉన్నారు. లేచి వచ్చి కుక్కని పట్టి పట్టి చూశారు. దాని గడ్డం కింద చెయ్యిపెట్టి నిమిరారు.

"ఏమంటావు బాబూ?" అని మా ఆయన్ని అడిగారు.

ఇది ఆయన చెప్పాల్సిన మాట.

"దీన్ని వదిలేసి ఎక్కడికీ వెళ్ళం అంకుల్," అన్నారు మా ఆయన.

"సెరి, పైకి తీస్కపోండి. దాహంగా ఉంటాది," అన్నారు అంకుల్.

మొదటి రోజులు తేలిగ్గా గడవలేదు. కుక్క గిన్నె వాసన చూసి వెనక్కి తిరిగేది. అమ్మాయి దాని పక్కనే చాప వేసుకుని హోంవర్క్ చేసుకునేది, ముట్టుకునేది కాదు. మెల్లగా కుక్క ఒక్కో ముద్ద తినడం మొదలుపెట్టింది. ఇంట్లో నేను గట్టి నియమాలు పెట్టాను. తింటుంటే దగ్గరికి వెళ్ళకూడదు. కుర్చీ కింద ఉంటే పిలవకూడదు, అది దాని గది. మా వాడు మరిచిపోయిన ప్రతిసారీ మళ్ళీ చెప్పాను. జుట్టు చిక్కుపడకుండా దువ్వడం, కత్తిరించడం నేనే నేర్చుకున్నాను. మొదటిసారి కత్తిరించాక అది ఎలుకలు కొరికిన బొంతలా తయారైంది, పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. ఎదురింటికి ట్యూషన్ చెప్పడానికి వెళ్ళేముందు చేతులు కడుక్కుని బట్టలు మార్చుకునేదాన్ని. మక్‌చిక్ దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు గానీ, వరండాలో కనిపిస్తే నాలుగడుగుల దూరం నుంచి, "మకాన్ ఆల్రెడీ?" అని తిన్నావా అన్నట్టు పలకరించేది.

సంవత్సరాంతానికి, అనుకున్నట్టే, మా ఆయనకు సిడ్నీలో పని ఉందని ఆఫీసువాళ్ళు అన్నారు. ఆయన స్నేహితులు ఒక్కొక్కరే సర్దుకుంటున్నారు. ఆ సాయంత్రం ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే నేను బియ్యం కడుగుతూ విన్నాను. నేనేమీ అడగలేదు, గుర్తు చెయ్యలేదు. ఆయన అవతలి మనిషితో, పిల్లల బడి మార్చడం ఇష్టం లేదని, ఇక్కడే వేరే పని చూసుకుంటానని చెప్పారు. అవతల ఏదో హాస్యమాడినట్టున్నారు.

"అవును, కుక్క కోసం కూడా," అన్నారు ఆయన.

వేరే పని దొరకడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ నెలల్లో పొద్దున్నే కుక్కని కిందికి తిప్పే పని ఆయన తీసుకున్నారు. మళ్ళీ ఆఫీసు మొదలయ్యాక కూడా వదల్లేదు. వానాకాలంలో అది తడి గడ్డి మీద కాలు పెట్టేది కాదు. చొక్కా టక్ చేసుకుని, బూట్లు వేసుకుని, బ్యాగు భుజాన వేసుకున్న మా ఆయన, ఒక చేత్తో గొడుగు దాని మీద పట్టుకుని, "ఆలస్యమైపోతోందిరా, కానియ్యి," అని బతిమాలుతుంటే, నేను పైనుంచి వరండాలో నిలబడి చూసేదాన్ని. ఆయన సగం తడిసిపోయేవారు. అది మాత్రం గొడుగు కింద నింపాదిగా నిలబడి, ఎటు వెళ్ళాలో ఆలోచించుకునేది.